రోప్ డార్ట్ నేర్చుకోవడం ఎలా: ఒక టెన్నిస్ బంతి, 4 మీటర్ల నూలు తాడుతో మొదలుపెట్టండి

2012లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ 3 వీడియోగేమ్ ఆడినవాళ్లకు ఆ సీన్ గుర్తుండే ఉంటుంది. హీరో కానర్ చెట్టు కొమ్మ మీద నక్కి ఉంటాడు. కింద సైనికుడు నడుచుకుంటూ వస్తాడు. తాడు దూసుకుపోతుంది, కానర్ కొమ్మకు అవతలి వైపు దూకేస్తాడు, సైనికుడు గాల్లోకి లేచిపోతాడు. మనం నొక్కింది ఒక్క బటన్. నేను ఆ గేమ్ పూర్తి చేసేలోపే తాడు కొనడానికి హార్డ్‌వేర్ షాపుకి వెళ్లిపోయాను. మీరు కూడా అదే ఊపులో ఇక్కడికి వచ్చి ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో, దెబ్బలు తగలకుండా ఎలా నేర్చుకోవాలో మొదటి నుంచి చెప్తాను.

కానర్ కథ అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలానిది గానీ, అతని చేతిలోని ఆయుధం, అంటే తాడు కొసకు మొన కట్టిన ఈ రోప్ డార్ట్, చైనాది. అక్కడ దాని పేరు షెంగ్‌బియావ్. షెంగ్ అంటే తాడు, బియావ్ అంటే విసిరే మొన. పాతకాలం చైనాలో వర్తకుల సరుకుకీ డబ్బుకీ కాపలాగా వెళ్లే కంపెనీలు ఉండేవి. వాటి పేరు బియావ్‌జూ. అందులోని బియావ్ కూడా ఇదే అక్షరం. చైనా యుద్ధవిద్యల్లో కత్తి, ఈటె లాంటి గట్టి ఆయుధాలు ఒక తెగ అయితే, వంగే ఆయుధాలు ఇంకో తెగ. ఇనప ముక్కల్ని గొలుసులా కలిపిన తొమ్మిది కణుపుల కొరడా, తాడుకు గుండు కట్టి తిప్పే ఉల్కాసుత్తి, ఈ రోప్ డార్ట్ అన్నీ ఆ రెండో తెగవే. 2015లో అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: చైనా అనే గేమ్ వచ్చినప్పుడు రోప్ డార్ట్ సొంత ఊరికి చేరినట్టయింది. ఆ కథ 1526లో, మింగ్ రాజుల కాలంలో జరుగుతుంది. అందులో షావ్ జున్ అనే అమ్మాయి ఈ తాడుతోనే కప్పులకు వేలాడుతూ, గోతులు దాటుతూ వెళ్తుంది.

గేమ్‌లో కనిపించేవన్నీ జరిగేవి కావు. అసలు మొన నున్నగా, సన్నగా, గుప్పిట్లో ఇమిడేంత ఉంటుంది. దానికి గాలంలా కొక్కెం ఉండదు కాబట్టి మనిషిని పట్టుకుని పైకి లాగలేదు. కొమ్మ మీదుగా ఇంకో మనిషి బరువును ఎత్తడమైతే అసలే కుదరదు. మరి నిజంగా ఉన్నదేమిటంటే, నడుముకు చుట్టుకుని దాచుకోగల ఒక తాడు. అది ఒంటి చుట్టూ గిరగిరా తిరుగుతూ, ఎదుటివాడు ఊహించని క్షణంలో గీత గీసినట్టు ముందుకు దూకి, మళ్లీ చేతికొస్తుంది. ఆ వెనక్కి రావడమే ఈ విద్యకు ప్రాణం. గేమ్ మనకు చూపించనిది కూడా సరిగ్గా అదే. విసరడం ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది, వెనక్కి రప్పించుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

సామాను

ఇనప మొన జోలికి అసలు వెళ్లకండి. ఆన్‌లైన్‌లో దొరికినా వద్దు. ఈ ఆయుధం నేర్చుకునేవాళ్లకు తగిలే దెబ్బల్లో ముప్పాతిక మువ్వీసం వాళ్ల చేత్తో వాళ్లు కొట్టుకునేవే.

ఒక టెన్నిస్ బంతి తీసుకోండి. బరువు 58 గ్రాముల దాకా ఉంటుంది. అది ఒక్కటే అయితే మరీ తేలిక, తాడు బిగువుగా నిలవదు. అందుకని ఒక పాత సాక్స్‌లో ముందు గుప్పెడు బియ్యం చిన్న కవర్లో మూటగట్టి వేయండి, దాని మీద బంతి వేసి, మూతి దగ్గర గట్టిగా ముడేయండి. దాన్నంతా ఇంకో సాక్స్‌లో దూర్చి మళ్లీ ముడేయండి. చేతిలో పట్టుకుంటే చిన్న బత్తాయి బరువు అనిపించాలి, అంతకు మించకూడదు. బరువు కోసం నట్లు, తాళంకప్ప, గులకరాళ్లు వేయొద్దు. వేస్తే అది బంతి కాదు, ఇనప మొనే అయి కూర్చుంటుంది.

తాడు నూలుదే కావాలి. షాపులో జడలా అల్లిన నూలు తాడు అని అడగండి. మందం 8 మిల్లీమీటర్లు, పొడవు 4 మీటర్లు. మీరు మరీ పొడుగో పొట్టో అయితే మీ ఎత్తుకు రెండింతలు కొలిచి, పైన ఇంకో రెండడుగులు కలుపుకోండి. నేను మొదట కొన్నది బట్టలు ఆరేసుకునే నైలాన్ తాడు. మూడో రోజు బంతిని జోరుగా విసిరాను. తాడు అరచేతిలోంచి సర్రున జారింది, చూపుడు వేలి మొదలు నుంచి మణికట్టు దాకా ఎర్రటి గీత పడింది. అన్నం కలుపుకుంటే నాలుగు రోజులు మండింది. నూలు తాడు కూడా జారుతుంది గానీ అంతగా కాల్చదు. కొన్న తాడును ఒకసారి ఉతికి, ఎండలో సాగదీసి ఆరేయండి. గంజి పోయి మెత్తబడుతుంది, చేతికి లొంగుతుంది.

తాడు ఒక కొసను సాక్స్ ముడికి పైన ఉచ్చు వేసి బిగించండి. రెండో కొసకు అరచెయ్యి వదులుగా దూరేంత ఉంగరంలా ముడేయండి. ఇప్పుడు బంతిని కాలితో తొక్కిపెట్టి, తాడును రెండు చేతులతో మీ శక్తికొద్దీ పైకి లాగండి. ముడి కదిలితే విప్పి మళ్లీ కట్టండి. ఈ పరీక్ష రోజూ చేయాలి.

ఇక జెండా. బంతికి కాస్త పైన తాడుకు ఒక ఎర్ర గుడ్డముక్క కట్టండి, కర్చీఫులో సగం సరిపోతుంది. అసలు రోప్ డార్ట్‌కూ ఇలాంటి గుడ్డ ఉంటుంది. తోకలా వెనక లాగుతూ మొనను సూటిగా ఉంచుతుంది, ఎదుటివాడి చూపును చెదరగొడుతుంది. మీకు మాత్రం అది చేసే పెద్ద మేలు వేరే. బంతి ఎక్కడుందో కంటి చివరి నుంచే కనిపిస్తుంది, తల తిప్పక్కర్లేదు. గుడ్డ గాలిలో చేసే చప్పుడును బట్టి వేగం కూడా తెలుస్తుంది.

చోటు

మీ చుట్టూ అన్ని వైపులా 5 మీటర్లు ఖాళీగా ఉండాలి. తల పైన కూడా. మేడ మీద చేద్దామనుకుంటే ముందు తలెత్తి చూడండి. కరెంటు తీగ దగ్గర్లో ఉంటే ఆ చోటు వదిలేయండి, వేరే ఆలోచనే వద్దు. కేబుల్ వైర్లు, దండేలు, పిట్టగోడ మీది కుండీలు కూడా చూసుకోండి. పిల్లలు, కుక్కలు తిరిగే చోట అసలు వద్దు. తిరిగే జెండాను చూస్తే వాళ్లు పరిగెత్తుకుంటూ దగ్గరికే వస్తారు. పొద్దున్నే ఖాళీగా ఉండే స్కూలు గ్రౌండు అన్నిటికంటే మేలు. కళ్లద్దాలు ఉన్నవాళ్లు తాడు కట్టుకుని పెట్టుకోండి. మెడలో గొలుసు, చేతికి వాచీ తీసేయండి.

మొదటి వారం: తిప్పడం మాత్రమే

ఇది కుడిచేతివాటం వాళ్లకు రాస్తున్నాను. ఎడమచేతివాటం అయితే చేతులు మార్చుకోండి.

కొసన ఉన్న ఉంగరాన్ని ఎడమ అరచేతికి వదులుగా తగిలించండి. మిగిలిన తాడును అదే చేతిలో మూడు వదులు చుట్టలుగా పట్టుకోండి. వేళ్లకు మాత్రం చుట్టుకోకండి. ఈ ఒక్క మాట ఎప్పటికీ మరిచిపోవద్దు. వేలికి చుట్టుకున్న తాడు ఒక్కసారిగా బిగిస్తే వేలు బెణుకుతుంది.

కుడిచేతిని నడుము దగ్గర పెట్టి తాడును వదలండి, బంతి నేలకు జానెడు ఎత్తులో ఆగేలా చూసుకుని పట్టుకోండి. మీ కుడి పక్కన ఒక గోడ ఉందని అనుకోండి. బంతి ఆ గోడను రాసుకుంటూ గుండ్రంగా తిరగాలి. పైనుంచి ముందుకు, ముందు నుంచి కిందకు, కింద నుంచి వెనక్కు, మళ్లీ పైకి. దీన్ని ముందు చుట్టు అందాం. తిప్పేది మణికట్టు, భుజం కాదు. చెయ్యి మొత్తం ఊగుతోందంటే మీరు ఎక్కువ బలం పెడుతున్నట్టు.

మొదటి రోజు బంతి మోకాలికి, పిక్కకి, ఒక్కోసారి వీపుకి తగులుతుంది. చుట్టు సమంగా లేకుండా, గోడ లోపలికి వంగిపోతోందన్నమాట. బంతి వైపు చూడకండి. ఎదురుగా దూరాన ఒక చెట్టో స్తంభమో చూస్తూ తిప్పండి. బంతిని చూడటం మొదలుపెడితే భుజం దానితో పాటు తిరుగుతుంది, చుట్టు వంకరపోతుంది.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మూడో రోజుకు అటువైపు తిప్పడం కూడా మొదలుపెట్టండి. కింద నుంచి ముందుకు, ముందు నుంచి పైకి, తల పక్కగా వెనక్కు. ఇది వెనక చుట్టు. తర్వాత విసరడానికి ఇదే కావాలి కాబట్టి దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి. వారం చివరికి ఉంగరాన్ని కుడిచేతికి మార్చి, ఎడమచేత్తో రెండు చుట్లూ చేయండి. విసుగ్గా ఉంటుంది, అయినా చేయండి. ఒక చేత్తోనే నేర్చుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

తాడు మెలిపడితే బలంగా గుంజకండి. బంతిని పిట్టగోడ మీంచి కిందికి వేలాడదీయండి, దానంతటదే గిరగిరా తిరిగి మెలి విప్పుకుంటుంది.

రెండో వారం: ఎనిమిది

ఇప్పుడు ఎడమ పక్కన కూడా ఒక గోడ ఉందనుకోండి. ముందు చుట్టు తిప్పుతూ, బంతి మీ ముందు కిందికి దిగుతున్నప్పుడు కుడిచేతిని పొట్ట మీదుగా ఎడమ తుంటి వైపు తీసుకెళ్లండి. బంతి ఎడమ గోడ మీద ఒక చుట్టు తిరుగుతుంది. మళ్లీ కిందికి దిగుతున్నప్పుడు చేతిని కుడికి తెచ్చేయండి. కుడి ఒకటి, ఎడమ ఒకటి. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు పడుకోబెట్టిన ఎనిమిది అంకెలా కనిపిస్తుంది.

చెయ్యి దాటే క్షణం ముఖ్యం. బంతి పైకి లేస్తున్నప్పుడు దాటిస్తే మొహానికొస్తుంది. దిగుతున్నప్పుడు దాటిస్తే దాని దారిన అది పోతుంది. నోటితో లెక్కపెట్టుకుంటూ చేయండి, "దిగు" అన్నప్పుడల్లా చెయ్యి మారాలి. ఎనిమిది ఆగకుండా ఇరవై సార్లు వచ్చేదాకా విసరడం గురించి ఆలోచించకండి.

విసరడం

మన పల్లెల్లో చేలమీద పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పడం చూసినవాళ్లకు ఈ భాగం సగం వచ్చినట్టే. గుండ్రంగా తిరిగే రాయి వదిలిన క్షణంలో ఎటు పోతోందో అటే తిన్నగా వెళ్తుంది. రోప్ డార్ట్‌లోనూ అంతే. వడిసెలలో రాయి పోతే పోయినట్టే, ఇక్కడ తాడు దాని వెంటే ఉంటుంది. తేడా అంతా దానిలోనే ఉంది.

కుడి పక్కన వెనక చుట్టు తిప్పండి. బంతి చుట్టు అడుగున ఉన్నప్పుడు ముందుకు పోతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే కుడి పిడికిలిని వదులు చేయండి. చెయ్యి పూర్తిగా తెరవకండి. బొటనవేలు, చూపుడు వేలు కలిపి గాజులా ఉంచండి, తాడు ఆ గాజులోంచి జారిపోవాలి. అదే సమయంలో ఎడమచేతిలోని చుట్టల్ని వదిలేయండి, ఉంగరం మాత్రం ఉంచుకోండి.

బంతి నేలకు కొట్టుకుంటే తొందరగా వదిలారు. ఆకాశంలోకి లేస్తే ఆలస్యంగా వదిలారు. ఈ రెండు తప్పుల మధ్య వెతుక్కుంటూ ఒక వంద సార్లు విసరండి. మొదట్లో సగం తాడే వదలండి. ఎదురుగా దండెం మీద పాత దుప్పటి వేలాడదీసి దాని మధ్యకు కొట్టడం అలవాటు చేసుకుంటే గురి కూడా కుదురుతుంది. దుప్పటికి తగిలి బంతి మెత్తగా పడిపోతుంది కాబట్టి, వెనక్కి రావడం గురించి టెన్షన్ లేకుండా విసరడం ఒక్కటే నేర్చుకోవచ్చు.

వెనక్కి రప్పించుకోవడం

ఇప్పుడు దుప్పటి తీసేయండి. ఇక్కడ కాస్త నిదానించి చదవండి.

తాడు పూర్తిగా సాగి బిగుసుకుంటే బంతి దానంతటదే వెనక్కి ఎగురుతుంది, ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే తాడు బిగియకముందే, అడుగో అడుగున్నరో మిగిలి ఉండగానే మీరు లాగాలి. ఎడమచేత్తో తాడును ఎడమ తుంటి వైపు ఒక్క కుదుపు కుదపండి. బావిలో చేద తోడినట్టు నిదానంగా లాగితే బంతి కింద పడి దొర్లుకుంటూ వస్తుంది. గట్టిగా గుంజితే మొహానికొస్తుంది. కావలసింది పొట్టి కుదుపు, గాలిపటం దారాన్ని టక్కున లాగి వదిలినట్టు.

కుదుపుతో పాటే కుడిచేతి గాజును కిందికి, కుడి తుంటి పక్కకు దించేయండి. ఎడమ కాలు ముందుకు, కుడి కాలు వెనక్కు వేసి ఒళ్లు పక్కకు తిప్పండి. ఎదురుగా నిలబడి ఎప్పుడూ లాగకండి. గాజు కింద ఉంటే బంతి కూడా కిందుగానే, మీ కుడి తొడ పక్కనుంచి వెనక్కి పోతుంది. అక్కడ పిడికిలి బిగించండి. వెనక్కి పోతున్న బంతికి దారి లేక పైకి లేచి, తల పక్కగా ముందుకు వస్తుంది. మీరు రెండు వారాలు చేసిన ముందు చుట్టు అదే. వెనక చుట్టుతో పోయిన బంతి ముందు చుట్టులోకి తిరిగి వచ్చింది. ఇది మొదటిసారి కుదిరినప్పుడు చేతిలో తాడు ఒక్కసారి బరువెక్కి, వెంటనే తేలికైపోతుంది. ఆ అనుభవం మాటల్లో పెట్టడం కష్టం, చేతికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

నేను మొదట్లో ఎదురుగా నిలబడి, రెండు చేతులతో ఛాతీ వైపు లాగాను. బంతి నేరుగా వచ్చి పై పెదవికి తగిలింది. మెత్తటి బంతి కాబట్టి వాపుతో పోయింది, రెండు రోజులు స్పూన్‌తో మజ్జిగన్నం తిన్నాను. ఆ రోజు ఇనప మొన ఉండి ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు.

సగం తాడుతో యాభై సార్లు వరసగా పక్కనుంచి వచ్చేదాకా తాడు పొడవు పెంచకండి.

మోచెయ్యి, కాలు

రోప్ డార్ట్ అందం అంతా ఒంటికి చుట్టి వదలడంలోనే ఉంది. ఒంటి భాగానికి తాడు తగిలితే చుట్టు చిన్నదవుతుంది, వేగం పెరుగుతుంది, ఎటునుంచి వస్తుందో ఎదుటివాడికి అందదు.

కాలుతో మొదలుపెట్టండి, అది తేలిక. కుడి మోకాలు పైకెత్తి, తాడును తొడ మీదుగా వేయండి, బంతి మోకాలికి అవతల పిక్క పక్కన వేలాడాలి. తిప్పకుండా లోలకంలా ముందుకీ వెనక్కీ ఊపండి. బంతి ముందుకు ఊగుతున్నప్పుడు కాలును ముందుకు తన్ని, చేతి గాజు వదలండి. బంతి కాలు చూపించిన వైపే పోతుంది.

మోచేతికీ ఇదే పద్ధతి. తాడును ఎడమచేత్తో ఛాతీ దగ్గర పట్టుకుని, వంచిన కుడి మోచేతి మడత మీదుగా బయటికి వేలాడదీయండి. లోలకంలా ఊపండి, బంతి ముందుకు వెళ్తుండగా మోచేతిని ముందుకు విసిరి, ఎడమచేతి పట్టు సడలించండి. లోలకం నుంచి సూటిగా పోవడం బాగా వచ్చాకే, తిరుగుతున్న బంతిని మోచేతి మీద పడనిచ్చి, అక్కడినుంచి విసరడానికి ప్రయత్నించండి. తొందరపడితే మోచేతికి చుట్టుకుని బంతి మీ చెవి మీదికే వస్తుంది.

వీడియోల్లో మెడకు చుట్టి వదలడం చాలా కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది, ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు నేను మాత్రం వద్దనే చెప్తాను. చేతికి ఉంగరం ఉండగా మెడకు తాడు చుట్టుకోవడం ఎందుకు ప్రమాదమో విడమరిచి చెప్పక్కర్లేదు. నేర్పేవాళ్లు పక్కన ఉన్నప్పుడు చూసుకోవచ్చు. మీ ఊళ్లో వూషూ, అంటే చైనా యుద్ధవిద్య, నేర్పేవాళ్లు ఉంటే వెళ్లి అడగండి. కర్రసాము గురువులైనా సరే, చుట్టు సమంగా ఉందో లేదో ఒక్క చూపులో పట్టేస్తారు. నా ఎనిమిదిలో ఎడమ చుట్టు వంకరగా ఉందని నాకు చెప్పింది కర్రసాము నేర్పే ఒక పెద్దాయనే. "బాబూ, నీ నడుం తిరగట్లేదు, చెయ్యే తిరుగుతోంది" అన్నారు. ఆ వారంలోనే సరి అయింది.

సాధారణంగా వచ్చే చిక్కులు

బంతి తిరుగుతూ తిరుగుతూ మెల్లగా చచ్చుబడిపోతోందంటే తాడు ఎక్కువ వదిలారు, ఒక జానెడు కుదించండి. భుజం నొప్పి వస్తే రెండు రోజులు ఆపేయండి, తిరిగి మొదలుపెట్టినప్పుడు మణికట్టు మీద దృష్టి పెట్టండి. ఎడమచేతి చుట్టలు విసిరినప్పుడు చిక్కుపడుతుంటే, ఒకదాని మీద ఒకటి కాకుండా పెద్దది ముందు, చిన్నది తర్వాత వచ్చేలా పట్టుకోండి. వానకు తడిసిన తాడుతో చేయకండి, బరువెక్కుతుంది, చేతిలో జారదు.

చీకటి పడ్డాక చేయాలనిపిస్తే సాక్స్‌లో పిల్లలు ఆడుకునే లైటు బంతి పెట్టుకోవచ్చు. రాత్రి ఆ వెలుగు గీతలు గీస్తుంటే మీ చుట్టు ఎక్కడ వంకరపోతోందో పగటికంటే బాగా కనిపిస్తుంది. నిప్పుతో చేసేవాళ్లూ ఉన్నారు. నూలు తాడు, పాత సాక్స్ పెట్టుకుని మీరు ఆ పని చేయకండి.

అయిపోయాక తాడును చేతికి చుట్టకుండా నేలమీద పెద్ద చుట్టలుగా పరిచి మడవండి. సాక్స్ అడుగున వేలు పెట్టి తడిమి చూడండి. సిమెంటు మీద రాసుకుని రాసుకుని ముందు అక్కడే పలచబడుతుంది. లోపలి సాక్స్ రంగు బయటికి కనిపిస్తుంటే మార్చేయండి. బియ్యం మూట చిరిగితే తిరుగుతున్నప్పుడే గింజలు కళ్లలో పడతాయి.